గుంటూరు నుంచి చీమకుర్తికి, తీగ చుట్టిన తలుపు పక్కన

మా చెల్లెలు భారతి బస్సెక్కి ఎనిమిది నెలలైంది. ఆఖరిసారి ఎక్కిన బస్సు ఒంగోలు నుంచి చీమకుర్తి వెళ్తూ, రోడ్డుకి అడ్డంగా ఆగి ఉన్న గ్రానైటు లారీని తప్పించబోయి ఎడమ పక్కకి తిరగబడింది. భారతికి తుంటి ఎముక విరిగింది. ఆమె పక్క సీట్లో కూర్చున్న సరళ, అదే స్కూల్లో లెక్కలు చెప్పే అమ్మాయి, చనిపోయింది. అప్పటినుంచీ భారతి గుంటూరులో మా ఇంట్లోనే ఉంది. కర్ర పట్టుకుని నడిచింది, కర్ర వదిలేసి నడిచింది. కానీ మా వీధి మలుపులో బస్సు హారన్ వినిపిస్తే చాలు, చేతిలో ఉన్న కాఫీ గ్లాసు కింద పెట్టేసేది.

భారతి చీమకుర్తిలో తెలుగు టీచరు. ఏళ్ళ తరబడి పరీక్షలు రాసి, పెళ్ళి మాట కూడా పక్కన పెట్టి తెచ్చుకున్న ఉద్యోగం. ఒంగోలులో గది అద్దెకి తీసుకుని రోజూ బస్సులో వెళ్ళొచ్చేది. సెలవు పొడిగించగా పొడిగించగా ఇక పొడిగించడానికి వీల్లేని చోటికి వచ్చింది. ఫిబ్రవరిలో ఒక సోమవారం ఉదయం పది లోపు హెడ్మాస్టరు గారి ముందు సంతకం పెట్టాలి, లేకపోతే ఉద్యోగం మీద ఆశ వదులుకోవాలి.

"కారు మాట్లాడదామే," అన్నాను.

"ఈ రోజు కార్లో వెళ్తాను సరే, మరి రేపు?" అంది.

ఒంగోలు దాకా రైలుంది కదా అన్నాను. చీమకుర్తికి రైలు లేదు, ఎలాగూ బస్సెక్కక తప్పనప్పుడు ఇంటి దగ్గర్నుంచే ఎక్కేద్దాం అంది. అలా బయల్దేరాం. ఈ దారిన వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నాకు కోపం ఎక్కువని చుట్టాల్లో పేరు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి ఈ ప్రయాణంలో నేను ప్రత్యేకంగా శ్రమపడాల్సిన అవసరం రాలేదు.

పొద్దున్నే ఐదున్నరకల్లా గుంటూరు బస్టాండులో ఉన్నాం. తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. మన వైపు బస్సులోకి ముందు తువ్వాలు ఎక్కుతుంది, ఆ తరవాతే మనిషి ఎక్కుతాడు. బస్సు ఇంకా మలుపు తిరుగుతుండగానే జనం కిటికీల కింద పరిగెత్తుతారు. తువ్వాలో, కర్చీఫో, చేతిసంచో కిటికీలోంచి సీటు మీద పడుతుంది. పడిందంటే ఆ సీటు వాళ్ళదే. కోర్టు కాగితమైనా చెల్లకుండా పోవచ్చు గాని, వేసిన తువ్వాలు చెల్లి తీరుతుంది. అద్దాలు బిగించిన కొత్త రకం బస్సులు వచ్చాక ఈ విద్య కొంత తగ్గింది.

మేం ఎక్కింది అద్దాలు బిగించిన బస్సే. ఎవరి బస్సో పేరు చెప్పను. చెబితే మిగతావాళ్ళంతా పుణ్యాత్ములని మీరనుకుంటారు. భారతి నన్ను ఒక్కటే అడిగింది, ఎమర్జెన్సీ తలుపు పక్క సీటు. సీటు దొరికింది గాని తలుపు కనిపించలేదు. కారం కొట్టించుకోవడానికి మిరపకాయలు కొని ఒంగోలు తీసుకెళ్తున్న ఒక పెద్దాయన, నాలుగు గోతాలు ఆ తలుపుకి ఆనించి పేర్చేశాడు.

"ఏవండీ, తలుపుకి అడ్డం పెట్టారే," అన్నాను.

"మిరపకాయలేనమ్మా, మెత్తగానే ఉంటయ్. హాయిగా ఆనుకుని కూర్చోండి," అన్నాడు, ఇంట్లో పరుపు పరిచి ఇచ్చినంత ఉదారంగా.

నా గొంతు లేచాక గోతాలు కింద డిక్కీలోకి వెళ్ళాయి. వెళ్తూ వెళ్తూ సగం బస్సు చేత తుమ్మించాయి. పెద్దాయన కండువాతో ముక్కు తుడుచుకుంటూ నా వైపే చూశాడు, ఆ తుమ్ములన్నీ నా వల్లే వచ్చినట్టు. అప్పుడు చూశాను, కిటికీ పక్కన ఎర్ర అక్షరాలతో "అత్యవసర సమయంలో సుత్తితో అద్దం పగలగొట్టండి" అని రాసి ఉంది. సుత్తి తగిలించే కొక్కెం ఉంది. సుత్తి లేదు.

కండక్టరుని అడిగాను. "ఎత్తుకుపోతున్నారు మేడం. ఇంట్లో మేకులు కొట్టుకోడానికి బాగుందంట. అందుకని అన్నీ తీసి ఆఫీసులో భద్రంగా పెట్టాం," అన్నాడు.

"బస్సు తిరగబడితే?"

"శుభమా అని బయల్దేరుతుంటే అట్లాంటి మాటలెందుకు మేడం!" అని అతను నిజంగానే నొచ్చుకున్నాడు. ముందుకు వెళ్ళి డ్రైవరు పక్కనున్న దేవుడి పటానికి దణ్ణం పెట్టి, మా అందరి తరఫునా లెంపలు వేసుకున్నాడు. సుత్తి మాట ఎత్తడం అపశకునమట. సుత్తి లేకపోవడం మాత్రం కాదట.

ఆరు దాటాక బస్సు కదిలింది. చిలకలూరిపేట దాకా భారతి నా మణికట్టు వదల్లేదు. తెల్లవారేసరికి రోడ్డుకి రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. పత్తి చేలల్లో ఆఖరి తీత సాగుతోంది. కూలీలని కుక్కిన ఆటోలు ఎదురు దారిలో వచ్చేస్తున్నాయి. ఆరు వరసల రోడ్డు మీద మా బస్సు లారీల మధ్యలోంచి సందు చేసుకుంటూ పోతుంటే, మిరపకాయల పెద్దాయన నాతో రాజీకి వచ్చాడు. ఆయనది మార్టూరు వైపు ఊరు, పత్తి రైతు. కూతుర్ని ఒంగోలు ఇచ్చాడు.

"మా చిన్నప్పుడు ఈ రోడ్డు గుంటలమయం. బస్సు గుంటలో దిగబడితే అందరం దిగి తోసేవాళ్ళం. ఆలీసమయ్యేది గానీ ఇంటికి చేరేవాళ్ళం. ఇప్పుడు గుంటలు పోయినయ్, మనుషులు పోతన్నారు," అన్నాడాయన.

ఆ మాట నిజమని నా నమ్మకం. లెక్కలు నా దగ్గర లేవు. నాకున్నది రోజూ పేపరు చదివే అలవాటు. నా చిన్నప్పుడు ఎక్కడైనా బస్సు కాలవలో పడిందంటే నెల రోజులు అదే మాట్లాడుకునేవాళ్ళు. ఎవరి పిల్లలు, ఏ ఊరు, డ్రైవరు ఏమయ్యాడు, అన్నీ అందరికీ తెలిసేవి. ఇప్పుడు జిల్లా పేజీలో ఓ మూల నాలుగు ముక్కలు వేస్తారు. కారణం ఎప్పుడూ ఒకటే, అతివేగం. బస్సులో తలుపు తెరుచుకుందా, కిటికీ పగిలిందా అని రాసిన వార్త నేనింతవరకు చదవలేదు. తప్పించుకుంటే "త్రుటిలో తప్పిన పెను ప్రమాదం" అని శీర్షిక పెడతారు. వారం వారం త్రుటిలో తప్పుతున్నదంటే అది తప్పుతున్నట్టు కాదు, మనకి గురి చూస్తున్నట్టు.

వెనక సీట్లో ఒక ముసలావిడ మా మాటలు విని సంగతి కనుక్కుంది. భారతి భుజం మీద చెయ్యేసి, "గండం గడిచిందమ్మా నీకు. ఆ పిల్లకి ఆయుష్షు అంతవరకే రాసిపెట్టుంది," అంది ప్రేమగానే. భారతి తల ఊపి కిటికీ వైపు తిరిగింది. నాకు ఒళ్ళు మండింది. ఆయుష్షు సంగతి నాకు తెలీదు. ఆ రోజు ఆ బస్సులో ఎమర్జెన్సీ తలుపుకి బైండింగ్ వైరు చుట్టి ఉందని మాత్రం తెలుసు. రాసిపెట్టిన దేవుణ్ణి నేనెప్పుడూ చూడలేదు. తీగ చుట్టిన మనిషి మాత్రం ఈ పాటికి ఎక్కడో టీ తాగుతూ ఉంటాడు.

ఒంగోలు చేరేసరికి ఎనిమిదిన్నర. బస్టాండు ఎదుట హోటల్లో ఇడ్లీ వేడిగా, అల్లం పచ్చడి ఘాటుగా ఉంది. భారతి ఒకటి తిని రెండోది చిదుపుతూ కూర్చుంది. తొమ్మిది కాకముందే చీమకుర్తి వైపు వెళ్ళే బస్సు వచ్చింది. ఇది పాత బస్సు. కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. ఆగకముందే తువ్వాళ్ళు వానలా పడ్డాయి. నేను జనాన్ని తోసుకుని ఎలాగో ఎక్కి వెనక్కి చేరాను. కుడి పక్క ఎమర్జెన్సీ తలుపు దగ్గర రెండు సీట్లు దొరికాయి. తల తిప్పి చూద్దును కదా, భారతి నా వెనకే నిలబడి తలుపు హ్యాండిల్ వైపు చూస్తోంది.

హ్యాండిల్‌కీ సీటు కమ్మీకీ కలిపి బైండింగ్ వైరు. నాలుగైదు చుట్లు చుట్టి, కొసలు మెలేసి ముడి పెట్టారు. చుట్టి చాలా కాలమైనట్టుంది, తుప్పు కూడా పట్టింది.

"ఈ తీగేంటయ్యా?" అని కండక్టరుని పిలిచాను.

"తలుపు తెరుచుకోకుండా అమ్మా."

"తెరుచుకోవడానికే కదయ్యా తలుపు పెట్టింది! అవసరం పడితే ఎట్లా?"

"అవసరం ఎప్పుడో పడుద్దమ్మా. తువ్వాలు రోజూ పడుద్ది," అన్నాడతను. అబద్ధమాడే మనిషిలా లేడు, విసిగిపోయిన మనిషిలా ఉన్నాడు. "నేను ముందు తలుపు దగ్గర టిక్కెట్లు కొడుతుంటే, ఎనకమాల ఈ తలుపు లాక్కుని ఎక్కేసి సీట్లాపేస్తారు. అట్లా ఎక్కబోయి ఒకడు జారి మూతి పగలగొట్టుకున్నాడు. పైవాళ్ళు నన్ను పిలిచి గడ్డి పెట్టారు. చుట్టెయ్యమన్నారు, చుట్టేశాం."

నేను మళ్ళీ నోరు తెరవబోయాను. నా వెనకనుంచి, "తీగ తీయండి. తీసేదాకా బస్సు కదలకూడదు," అని వినిపించింది. ఎనిమిది నెలలుగా నేను వినని గొంతు అది. క్లాసులో ఆఖరి బెంచీదాకా వినపడే గొంతు.

బస్సంతా గోల మొదలైంది. "మేడం, మాకు డ్యూటీ టైమవుతోంది" అని ఒకరు. "పెళ్ళికి పోతన్నాం, లగ్గం దాటిపోద్ది" అని మరొకరు. పూలబుట్ట ఒళ్ళో పెట్టుకున్న ఒకావిడ అందరికంటే గట్టిగా, "అంత పేణాల మీద తీపైతే ఆటోలో పోవచ్చుగా!" అంది. క్వారీ పనికొచ్చిన ఒరిస్సా కుర్రాళ్ళు ఏం జరుగుతోందో తెలీక ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

భారతి వాళ్ళ వైపు తిరిగింది. "మొన్న వానాకాలంలో ఈ రోడ్డు మీదే బస్సు పడిపోయింది, మీలో సగం మందికి తెలుసు. అందులో నేనున్నాను. ముందు తలుపు భూమికి కరుచుకుపోయింది. ఈ తలుపొక్కటే పైకి ఉంది. మా సరళ టీచరు నా భుజం మీద కాలు పెట్టి లేచి ఈ హ్యాండిల్ లాగింది. తలుపు ఇంత తెరుచుకుంది." రెండు వేళ్ళు చూపించింది. "ఆ సందులోంచి చెయ్యి బయట పెట్టింది. పైకెక్కినవాళ్ళు ఆ చెయ్యి పట్టుకున్నారు. చెయ్యి పట్టుకోగలిగారు గాని, తీగ విప్పలేకపోయారు. లోపలంతా పొగ. కటింగ్ ప్లయరు ఎక్కడో వెతికి తెచ్చి తీగ తెంపాక నన్ను ఇందులోంచే తీశారు. సరళనీ ఇందులోంచే తీశారు, కానీ అప్పటికే..."

డ్రైవరు ఇంజను ఆపి, టూల్‌బాక్సు తీసుకుని వెనక్కి వచ్చాడు. ఎవరి మొహం చూడకుండా తీగ తెంపి, తలుపు ఒకసారి తెరిచి, మూసి, వెళ్ళి తన సీట్లో కూర్చున్నాడు. బస్సు కదిలింది. నా మణికట్టు ఈసారి నాదగ్గరే ఉంది. నాకెంత గర్వమనిపించిందో చెప్పలేను.

ఆ గర్వం సంతనూతలపాడు దాకా మాత్రమే నిలిచింది. గ్రానైటు లారీలు ఒకదాని వెనక ఒకటి ఎదురొస్తున్నాయి. ఒక్కో రాయీ మా వంటగదంత ఉంది. వాటిని తప్పించుకుంటూ బస్సు ఊళ్ళోకి వచ్చి ఇంకా పూర్తిగా ఆగనే లేదు, ఎమర్జెన్సీ తలుపు బయటినుంచి ధడాలున తెరుచుకుంది. ఒక తువ్వాలు వచ్చి భారతి ఒళ్ళో పడింది. దాని వెనకే మూడేళ్ళ పాప గాలిలో తేలుతూ లోపలికి వచ్చింది.

"పాపని పట్టుకోండమ్మా, వచ్చేస్తన్నా!" అంటూ పాప తండ్రి ఒక కాలు లోపల పెట్టేశాడు.

"చూశారా మేడం!" అని కండక్టరు ముందునుంచి కేక పెట్టాడు. "ఇంకా ఒక్క ఊరు కూడా దాటలేదు! చూశారా!" బస్సంతా ఒక్కసారి గొల్లుమంది. ఆటోలో పొమ్మన్న పూలావిడ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. తిడదామని నేనూ నోరు తెరిచాను. కానీ ఎవరితో మొదలుపెట్టి తిట్టాలో తేలలేదు.

భారతి నవ్వలేదు. పాపని తన సీట్లో కూర్చోబెట్టి, తువ్వాలు తండ్రి భుజం మీద వేసింది. "సీటు మీదే. మీరు మాత్రం దిగి ముందునుంచి రండి," అంది.

"సీటిచ్చాక ఇంకా దిగటమెందుకండీ?" అన్నాడతను అయోమయంగా.

"దిగండి."

దిగాడు. ముందునుంచి వచ్చి తన సీట్లో కూర్చుని, ఈమెకి మతి సరిగా లేదన్నట్టు పాప తల నిమిరాడు. భారతి తలుపు మూసి, దానికి వీపు ఆనించి, అతికిన తుంటితో చీమకుర్తి దాకా నిలబడే ఉంది. లేచి సీటివ్వబోతే నన్ను కూర్చోమని కసిరింది.

నేను కూర్చుని మండిపోయాను. తువ్వాలు వేసే మనకి బుద్ధి లేదు, ఒప్పుకుంటాను. కానీ సరిపడా బస్సులుంటే ఎవడైనా పిల్లని కిటికీలోకి, తలుపులోకి విసురుతాడా? బయటినుంచి ఎవరుపడితే వాళ్ళు లాగలేని గొళ్ళెం చేయించలేరా? చేయిస్తారు, కాకపోతే ఎవడో ఒకడు కూర్చుని ఆలోచించాలి. దానికంటే మూరెడు తీగ సులువు. జనం సుత్తి దొంగిలిస్తారు కాబట్టి సుత్తి దాచేస్తారు, జనం తలుపు తీస్తారు కాబట్టి తలుపు కట్టేస్తారు. రేపు జనం బస్సెక్కుతున్నారు కాబట్టి బస్సులు తీసేసినా ఆశ్చర్యపోను.

పదికి పావుగంట ముందే భారతి సంతకం పెట్టింది. హెడ్మాస్టరు గారు, "ధైర్యంగా వచ్చారమ్మా, సంతోషం," అన్నారు. పిల్లలు చుట్టూ మూగారు. నేను వరండాలో కూర్చుని ఆమె పాఠం విన్నాను. రాతి ధూళి ఎగిరొచ్చి నా చీర మీద బూడిదలా పడుతోంది. మధ్యాహ్నం ఆమె పూర్తిగా అన్నం తింది.

నాలుగున్నరకి తిరుగు బస్సు. చూస్తే పొద్దుటి బస్సే. డ్యూటీ మారినట్టుంది, డ్రైవరూ కండక్టరూ వేరే మనుషులు. వెనక సీట్లు ఖాళీగా ఉన్నాయి. ఎమర్జెన్సీ తలుపుకి కొత్త తీగ ఉంది. తుప్పు లేదు, తళతళలాడుతోంది. చుట్లు కూడా పొద్దుటికంటే ఎక్కువ.

"ఏవయ్యా!" అని లేచాను. "పొద్దునే కదా తీయించాం!"

"అది మీరేనా అమ్మా? ఎవరో తెంపించారంట, మళ్ళీ చుట్టించారు," అన్నాడు కొత్త కండక్టరు టిక్కెట్లు కొడుతూ. నేను వేళ్ళతో విప్పబోయాను. రెండు గోళ్ళు విరిగాయి గాని తీగ మెలి కదల్లేదు. భారతి నా కొంగు పట్టుకుని లాగింది.

"కూర్చో అక్కా."

"నువ్వు అడగవేమే?"

"పొద్దున అడిగాను కదా."

"మళ్ళీ అడుగు!"

"రోజూ రెండుసార్లు ఈ బస్సెక్కాలక్కా. రోజూ రెండుసార్లు పోట్లాడుతూ కూర్చుంటే ఇక పాఠం ఎప్పుడు చెప్పను?" అంది. కోపంగా అనలేదు, మామూలుగా అంది. బస్సు కదిలిన కాసేపటికి ఆ తలుపుకే తల ఆనించి నిద్రపోయింది. లారీ హారన్లకి కూడా లేవలేదు. ఆ తీగ ముడి ఆమె చెవి పక్కనే బస్సుతోపాటు ఊగుతోంది. ఎనిమిది నెలలుగా నేను మొక్కుకున్నది ఇదే, ఈ పిల్ల బస్సులో నిబ్బరంగా కూర్చోవాలని. ఇప్పుడు కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది.

ఒంగోలులో ఆమెని తన పాత గది దగ్గర దింపాను. పాల ప్యాకెట్ కొనుక్కుంటూ, "రేపు నేనే వెళ్తాలే, నువ్వుండక్కర్లేదు," అంది. ఏడు గంటల బస్సుకి నేను గుంటూరు బయల్దేరాను. మద్దిపాడు దాటుతుండగా మా ఆయన ఫోన్ చేశారు. భారతి బస్సులో నిద్రపోయిందని చెప్పాను.

"అమ్మయ్య! భయం పోయిందన్నమాట," అన్నారు.

"పోయింది," అన్నాను.

ఫోన్ పెట్టేసి లేచి, ఆ బస్సు ఎమర్జెన్సీ తలుపుకి అడ్డంగా పెట్టిన రెండు పెట్టెలూ లాగి పక్కన పడేశాను. హ్యాండిల్‌కి ఏమైనా చుట్టారేమోనని తడిమి చూశాను. పెట్టెల వాళ్ళు గొణిగారు. కండక్టరు వచ్చి నవ్వుతూ, "ఎప్పుడూ బస్సెక్కలేదా పెద్దమ్మా? ఇంత భయమేంటి?" అన్నాడు.

"మా చెల్లెలికి ఈ రోజే పోయిందయ్యా," అన్నాను. "ఇంట్లో ఒక్కరికైనా ఉండాలిగా!"